డార్మాక్ చూసి మా అమ్మ అన్న మాట

నేను రాస్తున్నది స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికన్ అంతరిక్ష ధారావాహిక ఐదో సీజన్ బ్లూరే డిస్కుల సెట్ గురించి. 1991 సెప్టెంబరు నుంచి 1992 జూన్ దాకా అమెరికాలో ప్రసారమైన 26 ఎపిసోడ్లు ఇందులో ఉన్నాయి. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు నా పుట్టినరోజుకి తెప్పించి పంపాడు. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేశాక వారానికి రెండేసి చొప్పున అమ్మా నేనూ కూర్చుని మొత్తం పూర్తి చేశాం. అన్నిటి గురించీ రాయను. రెండో ఎపిసోడ్ ‘డార్మాక్’ గురించి మాత్రం తనివితీరా రాస్తాను. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో బతికేవాళ్ళకి అది అంత దగ్గరగా తగులుతుందని నేను అనుకోలేదు.

ముందు కథ. పికార్డ్ కెప్టెన్‌గా ఉన్న ఎంటర్‌ప్రైజ్ నౌక టామా ప్రజలను కలవడానికి వెళుతుంది. అంతకుముందు కలిసినవాళ్ళెవరికీ వాళ్ళ మాట అంతుపట్టలేదు. అలాగని తర్జుమా చేసే యంత్రం చెడిపోయిందేమీ లేదు, ఒక్కో మాటా చక్కగా తర్జుమా అవుతూనే ఉంటుంది. ‘తనాగ్రా దగ్గర డార్మాక్, జలాద్’ అంటారు. ‘షాకా, గోడలు కూలినప్పుడు’ అంటారు. దగ్గర, గోడలు, కూలడం అన్నీ తెలిసిన మాటలే. డార్మాక్ ఎవరో, గోడలు కూలినప్పుడు ఏం జరిగిందో తెలియకపోతే ఆ వాక్యం వినీ లాభం లేదు. టామావాళ్ళ కెప్టెన్ డాథన్ రెండు కత్తులు పట్టుకుని, పికార్డ్‌ని కూడా లాక్కుని కింద గ్రహం మీదికి దిగిపోతాడు. ఒక కత్తి పికార్డ్‌కి చాపుతాడు. ద్వంద్వయుద్ధానికి పిలుస్తున్నాడనుకుని పికార్డ్ దాన్ని తీసుకోడు.

ఇక్కడిదాకా నేను ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుతూ అమ్మకి తెలుగులో చెబుతున్నాను. అమ్మ ముందు చాట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది, మధ్యమధ్యలో తలెత్తి చూస్తోంది. రాత్రవుతుంది. పికార్డ్ నిప్పు రాజేసుకోలేక చలికి ముడుచుకుని కూర్చుంటాడు. అవతల డాథన్ దగ్గర మంట ఉంది. ‘టెంబా, చేతులు చాచి’ అంటూ మండుతున్న కొరివి ఒకటి పికార్డ్ వైపు విసురుతాడు. అమ్మ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది.

“రాముడూ సుగ్రీవుడూ, కొండ మీద, నిప్పు ముందర,” అంది. “అదే కదే ఆడు సెప్తన్నది?”

నేను ఆపేశాను. నిజంగా రిమోట్ నొక్కి ఆపేశాను. కథలో ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియలేదు. పైన నౌకలో ట్రాయ్, డేటా అనే ఇద్దరు అధికారులు కంప్యూటర్ ముందు కూర్చుని పాత గ్రంథాలన్నీ వెతుకుతున్నారు. అమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఎలాగమ్మా అంటే వివరంగా చెప్పింది. ధనుర్బాణాలతో వస్తున్న అన్నదమ్ముల్ని దూరం నుంచి చూసి సుగ్రీవుడు హడలిపోయాడట, వాలి పంపించిన మనుషులేమోనని. అనుమానం తీరడానికి హనుమంతుడు పోవాల్సి వచ్చిందట. ఆ తర్వాతే నిప్పు రాజేసి, అగ్నిసాక్షిగా స్నేహం కట్టుకున్నారట. ఆయుధం చూసి భయపడటం, నిప్పు, కొండ, ఇద్దరికీ ఒకే కష్టం. అన్నీ ఉన్నాయి. “ఈడికి ఆ కత అర్థమైతే ఆ కత్తి పుచ్చుకునేవోడు,” అంది అమ్మ పికార్డ్‌ని చూపిస్తూ, చాలా బాధగా.

డార్మాక్, జలాద్‌ల కథ సరిగ్గా అదే. ఎవరికి వారుగా ఒక దీవికి చేరిన ఇద్దరు, ఒక మృగం మీద కలిసి పోరాడి స్నేహితులై వెళ్ళిపోతారు. డాథన్ పికార్డ్‌తో చెప్పాలనుకున్నది అదొక్కటే. మాటతో చెప్పడానికి వీల్లేక, తన ప్రాణం పెట్టి ఆ కథను మళ్ళీ నడిపించాడు. పాల్ విన్‌ఫీల్డ్ అనే నటుడు ముఖమంతా మందపాటి మేకప్ కింద పెట్టుకుని, ఒక్క అర్థమయ్యే వాక్యం లేకుండా, గొంతుతోనే, చేతులతోనే ఆ మనిషిని మన ముందు నిలబెట్టాడు. పికార్డ్ విసుక్కున్నప్పుడు డాథన్‌కి కోపం రాదు. ‘షాకా’ అని నిట్టూరుస్తాడు. మనం ‘ప్చ్, పోయిందిరా’ అంటామే, అదీ ఆ గొంతు.

ఈ ఎపిసోడ్ మీద వచ్చే విమర్శ ఒకటుంది. కథలతో తప్ప మాట్లాడలేనివాళ్ళు నౌకలెలా కట్టారు, అసలు ఆ కథలు పిల్లలకెలా చెప్పారు అని. న్యాయమైన ప్రశ్నే. మరలు బిగించమని చెప్పడానికి ఏ పురాణం పనికొస్తుంది? రచయిత జో మెనోస్కీ దానికి జవాబు ఇవ్వలేదు. ఇది ఈ ఎపిసోడ్‌లో లోపమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ రెండో సగానికి మాత్రం నా దగ్గర జవాబుంది. మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందే కథలొచ్చేవి. ‘భగీరథ ప్రయత్నం’ అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. నాన్న రేషన్ కార్డు కోసం తిరిగి తిరిగి వచ్చి ఆ మాట అన్నప్పుడు, ఆయన చెమట చూసి తెలుసుకున్నాను. ఉడుత సాయం, శల్య సారథ్యం, ధృతరాష్ట్ర కౌగిలి, సైంధవుడిలా అడ్డం పడటం, పద్మవ్యూహంలో అభిమన్యుడు. ఇవన్నీ తీసేసి తెలుగువాణ్ణి ఒక రోజు మాట్లాడమనండి చూద్దాం. మనం సగం టామావాళ్ళమే.

మా మెడికల్ షాపు కౌంటర్ మీద రోజూ మూడు భాషలు తిరుగుతాయి. ఊళ్ళో ఒడియా, తెలుగు. సంతరోజున గుమ్మా, సెరంగో వైపు కొండల నుంచి దిగివచ్చే సవరలు. భంజనగర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు మా దగ్గర పనిచేస్తున్నాడు, మంచివాడు, చురుకైనవాడు. తెలుగు నేర్చుకోవాలని చిన్న నోటు పుస్తకంలో ఒడియా అక్షరాల్లో మాటలు రాసుకుంటాడు. మొన్న వేసవిలో ఒక పెద్దాయన వచ్చి బల్ల పట్టుకుని నిలబడి “కళ్ళు తిరుగుతున్నాయి బాబూ” అన్నాడు. కుర్రాడికి కళ్ళు అంటే తెలుసు. తిరగడం అంటే తెలుసు. వెంటనే వెళ్ళి కంట్లో వేసే చుక్కల మందు తెచ్చి ఇచ్చాడు. ఒడియాలో తల తిరుగుతుంది గానీ కళ్ళు తిరగవు మరి. నేను అవతల బిల్లు రాస్తున్నదాన్ని పరుగెత్తుకొచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. పొద్దున్న షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బస్సెక్కాడట. గ్లూకోజు కలిపి తాగించి పావుగంట కూర్చోబెడితే ముఖంలోకి కళ వచ్చింది. ఆ సాయంత్రం కుర్రాడు నోటు పుస్తకంలో ఆ మాట రాసుకుని, పక్కన అర్థం బదులు ఆ పెద్దాయన బొమ్మ గీసుకున్నాడు. బల్ల పట్టుకుని వాలిపోతున్న మనిషి. డార్మాక్ చూస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆ బొమ్మే ఆడింది.

ఇంకొక మనిషి కూడా గుర్తొచ్చారు, రాకుండా ఎలా ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా ఊరి రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. ఊళ్ళోకి వచ్చే సవరలు మాట్లాడుకునేది విని, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కారు. 1931లో వచ్చిన సవర వ్యాకరణం ఆ శ్రమ ఫలమే. కొండల్లో పట్టుకున్న మలేరియా జ్వరాలకి క్వినైన్ వాడి వాడి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. నేను మందులమ్మేదాన్ని, ఈ సంగతి నేను మామూలుగా తీసుకోలేను. క్వినైన్ మోతాదు మించితే మొదట చెవుల్లో హోరు మొదలవుతుంది, తర్వాత వినికిడి తగ్గుతుంది. సింకోనా బెరడు నుంచి వచ్చే మందు కాబట్టి దాన్ని సింకోనిజం అని చదువుకున్నాం. పొరుగువాడి మాట వినడం కోసం చెవులే ఇచ్చేసిన మనిషి మా ఊళ్ళో తిరిగాడు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. డాథన్ చనిపోయే ముందు పికార్డ్ అతనికి ప్రాచీన మెసొపొటేమియా పురాణంలోని మిత్రులు గిల్గమేష్, ఎన్‌కిడుల కథ చెబుతాడు. గాయాలతో పడుకుని డాథన్ ఆ కథను చెవులారా వింటాడు. మాటలు అర్థం కాకపోయినా కథ అర్థమవుతుంది. నేను ఏడ్చాను. రెండోసారి చూసినప్పుడూ ఏడ్చాను.

నౌకలో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. ఆ గ్రహం మీది మృగం వాళ్ళ మీదపడ్డ క్షణాన, ఇద్దరూ కలిసి నిలబడబోతున్న క్షణాన, పైనుంచి పికార్డ్‌ని లాగేయబోతారు. అటు పైకీ రాక, ఇటు కిందా నిలవక పికార్డ్ మధ్యలో ఇరుక్కుపోతే డాథన్ ఒంటరిగా దెబ్బలు తింటాడు. ఉద్దేశం మంచిదే. అందుకే ఇంకా బాధ.

మిగతావాటిలో ‘ఎన్సైన్ రో’ గురించి చెప్పి తీరాలి. రో లారెన్ అనే అమ్మాయి బజోర్ గ్రహపు శరణార్థి జాతి. పికార్డ్ ఆమెను మొదటిసారి ‘ఎన్సైన్ లారెన్’ అని పిలుస్తాడు. మా వాళ్ళలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత అని ఆమె అక్కడికక్కడే సరిదిద్దుతుంది. కలిసిపోవడం కోసం చాలామంది తమ పేర్లు తారుమారైనా ఊరుకుంటారు, నేను ఊరుకోను అంటుంది. నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. ఇది మా ఇంటి గొడవ! ఒడియా బడిలో చేర్చినప్పుడు నా ఇంటిపేరు తీసుకెళ్ళి చివర పెట్టారు. ఆంధ్రాలో చదివిన డిప్లొమాలో అది ముందుంది. రెండు కాగితాల్లో ఉన్నది ఒక్క మనిషేనని రుజువు చేయడానికి ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను, రెండుసార్లు అఫిడవిట్ రాయించాను. “ఏదో ఒకటి ఉంచుకోండి, ఏం తేడా” అన్నాడు అక్కడి గుమస్తా. ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు. రో చెప్పింది. మిషెల్ ఫోర్బ్స్ ఆ నాలుగు ముక్కలూ గొంతు పెంచకుండా, తల దించకుండా అంది. ఆ తర్వాత కథ నాయకుల కుట్ర వైపు వెళ్ళి కొంచెం సాగినా నాకు పట్టలేదు.

‘ద గేమ్’ చూస్తే 1991లో తీసిందంటే నమ్మబుద్ధి కాదు. తలకి తగిలించుకునే చిన్న ఆట ఒకటి నౌకంతా పాకుతుంది, గెలిచినప్పుడల్లా మెదడుకి సుఖం అందుతుంది, తల్లే కొడుకుని ఆడమని వెంటపడుతుంది. మందుల కోసం వరసలో నిలబడి ఫోను మీంచి చూపు తిప్పకుండా చీటీ చాపేవాళ్ళని రోజంతా చూస్తాను కనుక నాకిది భయంగానే అనిపించింది. ‘కాజ్ అండ్ ఎఫెక్ట్’ మొదటి నిమిషంలోనే నౌక పేలిపోయి, అదే రోజు మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంటుంది. గట్టి పనితనం. పాత స్టార్ ట్రెక్‌లోని స్పాక్ వచ్చే ‘యూనిఫికేషన్’ రెండు భాగాల్లో మొదటిది నింపాదిగా నడిచింది, ఆయన్ని చూపించడానికి చివరి క్షణం దాకా ఆపడం నచ్చలేదు. ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’ వదిలేసినా నష్టం లేదు.

‘ది ఇన్నర్ లైట్’ గురించి తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. పికార్డ్ నౌక మీద స్పృహ తప్పి పడిపోతాడు, అక్కడ గడిచేది 25 నిమిషాలు. ఆ కాసేపట్లోనే కటాన్ అనే గ్రహం మీద కామిన్ అనే మనిషిగా ఒక జీవితకాలం బతికేస్తాడు. భార్య, పిల్లలు, ఒక స్నేహితుడు, నేర్చుకున్న వేణువు. అక్కడ ఏటేటా కరువు పెరుగుతుంటుంది. ఊరి మధ్యలో ఒక మొక్క నాటి, తాగడానికి చాలని నీళ్ళలోంచే దానికీ పోస్తుంటారు. సూర్యుడు పేలిపోయి తమ లోకం అంతమైపోతుందని తెలిసినవాళ్ళు, తమని ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలని ఆ జ్ఞాపకాన్ని ఆకాశంలోకి పంపారు. అది పికార్డ్‌కి దొరికింది. 1993లో దీనికి సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కొడుకు బటాయ్‌గా కనిపించే కుర్రాడు, పికార్డ్‌గా వేసిన పాట్రిక్ స్టీవర్ట్ సొంత కొడుకే, తండ్రీకొడుకులు పక్కపక్కన నిలబడితే పోలిక తెలుస్తుంది.

అందరూ వేణువు గురించే మాట్లాడతారు. నాకు చెప్పులు గుర్తుండిపోయాయి. పెళ్ళయిన కొత్తలోంచీ కామిన్ భార్య ఈలీన్‌ది మొగుడి మీద ఒకటే సణుగుడు, విడిచిన చెప్పులు ఎక్కడపడితే అక్కడ పడేస్తాడని. ప్రాణం పోయేటప్పుడు కూడా ఆమె అతనికి అప్పజెప్పే పని అదే, చెప్పులు తీసి పెట్టుకోమని. నేను అమ్మకి ఆ ముక్క తెలుగులో చెప్పడానికి కాసేపు ఆగాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా జిల్లా అంతా చీకటైపోయిన రోజుల్లో నాన్న ఉన్నారు. ఆ తర్వాతి ఏడాది పోయారు. ఆయన తోలు చెప్పులు వీధి అరుగు మీద అడ్డంగా ఉండేవి, అమ్మ రోజూ కాలితో పక్కకి నెట్టి “ఓలమ్మో, ఈ మనిషి మారడు” అనేది. నేను చెప్పాక అమ్మ ఏమీ అనలేదు. తల ఊపింది.

ఇంతలో బొమ్మ ఆగిపోయింది. వేణువు ఉన్న పెట్టె రైకర్ చేతుల్లోంచి పికార్డ్ చేతుల్లోకి వచ్చే చోట, సరిగ్గా అక్కడే, చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి నిలిచిపోయింది. డిస్కు తీసి కిటికీ దగ్గర వెలుగులో చూస్తే అంచున గీత, గోరు తగిలితే తెలిసేంత లోతు. అట్టపెట్టె మూల నలిగి వచ్చినప్పుడే లోపల చూసుకోవాల్సింది. అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే మూడు వారాలు జవాబు లేదు, తమ్ముడు విశాఖ నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాక మార్చి పంపారు. ఇంత ధర పెట్టి కొన్నవాళ్ళని ఇలా తిప్పడం తప్పు. మీరు కొంటే వచ్చిన రోజే ప్రతి డిస్కూ చివరిదాకా నడిపించి చూసుకోండి.

సెట్ పనితనానికి మాత్రం పూర్తి మార్కులు. ఈ ధారావాహికను ఫిల్ము మీదే తీసినా, కూర్పూ దృశ్య మాయలూ అప్పట్లో వీడియో టేపు మీద చేశారు. అందుకే పాత కాపీల్లో బొమ్మ అలుక్కుపోయినట్టు ఉండేది. ఈ సెట్ కోసం అసలు ఫిల్మును వెతికి తీసి, మళ్ళీ స్కాన్ చేసి, నౌకల దృశ్యాలన్నీ మళ్ళీ కూర్చారు. డాథన్ నుదుటి మీద మచ్చలు, రాత్రి మంట వెలుగు అతని కళ్ళలో కదలడం, ఇవన్నీ నాకు ఇప్పుడే కనిపించాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ స్పష్టంగా ఉన్నాయి, టామావాళ్ళ పేర్లు చెవికి అందవు కాబట్టి డార్మాక్‌కి అవి తప్పనిసరి. తెలుగు లేదు. హిందీ కూడా లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి సీజన్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు, ఈ ఐదో సీజన్ రెండో ఎపిసోడ్ నేరుగా పెట్టుకోవచ్చు. పికార్డ్ కెప్టెన్ అని తెలిస్తే చాలు.

డార్మాక్ చివర్లో పికార్డ్ టామావాళ్ళ భాషలోనే వాళ్ళకి డాథన్ మరణం చెబుతాడు. వాళ్ళు ఆ కథను తమ మాటల్లో కలుపుకుంటారు: ‘ఎల్-అడ్రెల్ దగ్గర పికార్డ్, డాథన్’. రెండు పేర్లు, ఒక చోటు. ఇక ముందు ఏ ఇద్దరు కొత్తవాళ్ళు స్నేహం కట్టినా టామావాళ్ళు ఆ మాటే అంటారు. నౌకకి తిరిగొచ్చిన పికార్డ్ ప్రాచీన గ్రీకుల స్తోత్రాలు చదువుకుంటూ కనిపిస్తాడు, తనవాళ్ళ కథలు ముందు తను తెలుసుకోవాలని.

వచ్చే ఆదివారం భంజనగర్ కుర్రాణ్ణి భోజనానికి పిలిచాను, డార్మాక్ మళ్ళీ పెడుతున్నాం. నేను పక్కన కూర్చుని ఒడియాలో చెప్పాలి. కత్తి చాపే చోటు వచ్చినప్పుడు నన్ను నోరు మెదపొద్దంది అమ్మ. అక్కడ ఆపి సుగ్రీవుడి కథ తనే చెబుతుందట, వచ్చీరాని ఒడియాలో.